సొంతూరికి చుట్టపుచూపుగా

డిసెంబరు రెండోవారం వచ్చేసరికి టెక్సస్ సరిహద్దు పట్నం లరేడోలో రోడ్ల నిండా సామాను బండ్లే. షికాగో నుంచి, డాలస్ నుంచి, అట్లాంటా నుంచి రాత్రీ పగలూ నడుపుకుంటూ వచ్చిన వ్యాన్లు, పికప్ ట్రక్కులు. పైన టార్పాలిన్ కప్పి తాళ్లతో బిగించిన పరుపులు, పిల్లల సైకిళ్లు, అట్టపెట్టెల్లో టీవీలు. వెనక సీట్లో పిల్లలు ఇంగ్లిషులో పోట్లాడుకుంటుంటే ముందు సీట్లోంచి తల్లి స్పానిష్‌లో గదమాయిస్తుంటుంది. నది మీది వంతెన దాటితే మెక్సికో. సరిహద్దు ప్రాంతం వదిలి ఇంకా లోపలికి పోవాలంటే మాత్రం అమెరికా నంబరు ప్లేటున్న బండికి తాత్కాలిక అనుమతి తీసుకోవాలి. బాన్‌హెర్సితో అనే సైనిక బ్యాంకు కౌంటరు దగ్గర వరసలో నిలబడి, బండి ఎంత కొత్తదన్నదాన్ని బట్టి 200 నుంచి 400 డాలర్ల దాకా డిపాజిట్ కట్టాలి. ముందు అద్దానికి అంటించే ఆ చీటీ గడువు 180 రోజులు. ఆలోగా బండిని మళ్లీ సరిహద్దు దగ్గరికి తెచ్చి చీటీ అప్పగిస్తేనే డబ్బు వెనక్కి వస్తుంది. హలిస్కోలోనో సకతేకాస్‌లోనో పుట్టి పెరిగి, ఇప్పుడు భార్యాబిడ్డలతో అమ్మానాన్నల్ని చూడటానికి పోతున్న మనిషికీ ఇదే పద్ధతి.

ఈ ప్రయాణం గురించి రాసేవాళ్లు సాధారణంగా మెక్సికన్లకు కుటుంబమంటే ప్రాణమనీ, అందుకే ఏటా ఇలా పరుగెత్తుకొస్తారనీ చెబుతారు. ప్రాణమన్నది నిజమే. కానీ ప్రేమ ఒక్కటే కారణమైతే, వలస ఎంత పాతదో ఈ ప్రయాణం కూడా అంత పాతదై ఉండాలి. అలా లేదు. ఉత్తరానికి పోయిన మెక్సికన్లు మొదటినుంచీ ఊరికి వస్తూనే ఉన్నారు, అయితే వాళ్లు వచ్చింది ఉండిపోవడానికి. భార్యాబిడ్డలతో సెలవులకు వచ్చి, తాతయ్య నాయనమ్మలతో నాలుగు రోజులు గడిపి, ఊరి తిరునాళ్లు చూసుకుని మళ్లీ పోయే పద్ధతి ఊరూరా పాకినది 1986 తర్వాతే. రాకపోకలకు అమెరికా చట్టం పెట్టిన షరతులే దాన్ని పుట్టించాయి.

కొంచెం వెనక్కి పోవాలి. 1848 ఫిబ్రవరిలో గ్వాదలూపే హిదాల్గో ఒప్పందంతో మెక్సికో తన భూభాగంలో సగానికి పైగా అమెరికాకు వదులుకుంది. ఉన్నచోటనే ఉండి పరాయి దేశంలో పడ్డ కుటుంబాలకు అవతలి బంధువులను కలుసుకోవడం ఒక పూట పని. దాన్ని వలసదారుల ప్రయాణమనలేం. అసలు వలసకు దారి వేసింది రైలు. 1884లో మెక్సికో నగరం నుంచి ఎల్ పాసో సరిహద్దు దాకా పట్టాలు కలిశాక, మధ్య పీఠభూమి జిల్లాల రైతు కూలీలు మేస్త్రీల వెంట ఉత్తరానికి పోసాగారు. 1910లో మొదలైన విప్లవం, 1926లో ప్రభుత్వానికీ చర్చికీ మధ్య రేగిన క్రిస్తేరో యుద్ధం ఆ ప్రవాహాన్ని పెంచాయి. మాన్వెల్ గామియో అనే మానవశాస్త్రవేత్త సరిగ్గా ఆ సమయంలోనే దీన్ని అధ్యయనం చేసి 1930లో పుస్తకం ప్రచురించాడు. తిరిగొచ్చేవాళ్లు సుంకం లేకుండా తెచ్చుకున్న సామాన్ల జాబితాలను అతను తిరగేశాడు. అందులో ఉన్నవి మంచాలు, పరుపులు, వంటపాత్రలు, పనిముట్లు, గ్రామఫోన్లు, కొందరికి కార్లు కూడా. ఇవి కాపురం ఎత్తుకొచ్చేవాడి సామాన్లు. నాలుగు రోజులుండి పోయేవాడు వంటపాత్రలు మోసుకురాడు. లరేడో బండి మీది పరుపు ఇంట్లో ముసలివాళ్ల కోసం, సైకిలు అన్న కొడుకు కోసం. గామియో జాబితాలోని పరుపు మాత్రం తెచ్చినవాడు పడుకోవడానికే. 1930ల మాంద్యంలో లక్షల మందిని, అమెరికాలోనే పుట్టిన పిల్లలతో సహా, రైళ్లెక్కించి వెనక్కి తోలారు. దాన్ని ఎవరూ విహారమనరు.

1942 ఆగస్టు 4న రెండు ప్రభుత్వాలు సంతకం చేసిన బ్రసేరో ఒప్పందం ఈ వాదానికి గట్టి సాక్ష్యం. యుద్ధకాలంలో పొలాలకు కూలీలు కావాలి. మెక్సికో మగవాళ్లను పంపుతుంది, కొన్ని వారాలకో నెలలకో కాంట్రాక్టు ముగియగానే వాళ్లు వెనక్కి రావాలి, కుటుంబాన్ని వెంట తీసుకుపోవడానికి వీల్లేదు. మొదటి ఏళ్లలో జీతంలోంచి పదో వంతు పట్టుకుని, ఊరికి వచ్చాక ఇస్తామన్నారు. మనిషి తప్పకుండా తిరిగిరావాలనే ఆ ఏర్పాటు. ఆ డబ్బు చాలామందికి చేరలేదు, దానికోసం ముసలి బ్రసేరోలు ఈ శతాబ్దంలోనూ పోరాడాల్సి వచ్చింది. 1964 చివర్లో ఒప్పందం రద్దయ్యేనాటికి 46 లక్షల దాకా కాంట్రాక్టులు జరిగాయి. ఒకే మనిషి మళ్లీ మళ్లీ పోయి వచ్చాడు కాబట్టి మనుషుల సంఖ్య అంతకన్నా తక్కువ. ఇరవై రెండేళ్లపాటు మిచోకాన్, గ్వనహ్వాతో పల్లెలకు తండ్రి పంట సీజను అయ్యాక ఇంటికొచ్చే మనిషి. అతను ఇంటికి రావడమంటే పొలం దున్నడం, కప్పు నేయించడం, మళ్లీ కాంట్రాక్టు దొరికేదాకా ఉండటం. బిడ్డలకు అమెరికా నాన్న చెప్పే మాటల్లోనే తెలుసు.

1986 నవంబరులో వచ్చిన వలస సంస్కరణ చట్టం ఈ లెక్కంతా మార్చేసింది. కాగితాల్లేకుండా అక్కడున్న దాదాపు 27 లక్షల మందికి చట్టబద్ధ నివాసం దక్కింది. వాళ్లలో అత్యధికులు మెక్సికన్లు. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక రెండు పనులు జరిగాయి. మనిషి భార్యాబిడ్డలను పిలిపించుకున్నాడు, కాబట్టి ఊళ్లో పూర్తిగా స్థిరపడాల్సిన అవసరం తీరిపోయింది. అదే కార్డుతో ఎప్పుడైనా సరిహద్దు దాటి మళ్లీ భయం లేకుండా వెనక్కి పోగలిగాడు. ఉండిపోవాల్సిన అవసరం పోయి, వచ్చిపోయే వీలు చిక్కినప్పుడు మిగిలేది చుట్టపుచూపే. ఆ తర్వాత కొద్దికాలానికే, 1989లో, మెక్సికో ప్రభుత్వం ‘పైసానో’ కార్యక్రమం పెట్టింది. సెలవులకు వస్తున్న కుటుంబాలను సరిహద్దు దగ్గర కస్టమ్స్‌వాళ్లు, దారిలో పోలీసులు ఆపి టీవీకింత, బట్టలకింత అని లంచాలు గుంజుతున్నారనే ఫిర్యాదులు వెల్లువెత్తడమే కారణం. హక్కులేమిటో చెప్పే చిన్న పుస్తకాలు అచ్చువేశారు, దారి పొడవునా స్వచ్ఛంద పరిశీలకులను నిలబెట్టారు. ఈస్టర్ వారం, వేసవి, శీతాకాలం అని ఏడాదికి మూడు సీజన్లు ఖాయం చేశారు. ఇవి పంట సీజన్లు కావు, అమెరికా బడి సెలవులతో ముడిపడ్డ సీజన్లు. కూలివాడి క్యాలెండరు స్థానంలో బడిపిల్లవాడి క్యాలెండరు వచ్చిందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

దీనికి ఎదురుగా ఒక మాట వినిపిస్తుంది. చట్టానికి అంత పెద్దపీట ఎందుకు, జీతాలు పెరిగాయి, కార్లు చవకయ్యాయి, హైవేలు బాగుపడ్డాయి, అందుకే జనం ఎక్కువ తిరుగుతున్నారు, అంతే కదా అని. ఈ మాట సరైనదైతే అవే జీతాలు, అవే కార్లు ఉన్న వాళ్లందరూ ఒకేలా తిరగాలి. కానీ ఒకే వీధిలో పక్కపక్కనే ఉండే రెండు కుటుంబాల్లో, కాగితాలున్న కుటుంబం డిసెంబరులో బండెక్కుతుంది, కాగితాల్లేని కుటుంబం ఇరవై ఏళ్లయినా కదలదు. 1993లో ఎల్ పాసో దగ్గర, 1994లో సాన్ దియేగో దగ్గర సరిహద్దు కాపలా ఒక్కసారిగా బిగిసింది. 1996 చట్టం, ఏడాదికి మించి అక్రమంగా ఉండి దేశం దాటినవాళ్లు పదేళ్లపాటు తిరిగి అడుగుపెట్టకుండా నిషేధం పెట్టింది. డగ్లస్ మాసీ, హోర్హె దురాన్ నడిపిన మెక్సికన్ వలసల పరిశోధన 1982 నుంచి పల్లెపల్లెకూ పోయి కుటుంబాల ప్రయాణ చరిత్రలు రాసుకుంది. 1980 ప్రాంతంలో కాగితాల్లేకుండా మొదటిసారి పోయినవాళ్లలో దాదాపు సగం మంది ఏడాదిలోపే ఇంటికి తిరిగొచ్చేవాళ్లు. 2010 నాటికి అలా రావడం దాదాపు ఆగిపోయింది. గోడ కట్టింది రాకుండా ఆపడానికి, కానీ అది గట్టిగా ఆపింది ఇంటికి పోవడాన్ని. ఈ తేడా తెలుగువాళ్లకు తెలియనిది కాదు. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు కాంట్రాక్టు మీద పోయిన కూలీ ఒంటరిగా పోయి ఒంటరిగానే ఇంటికొస్తాడు, గ్రీన్‌కార్డున్న తెలుగు కుటుంబం పిల్లలతో సెలవులకు వచ్చిపోతుంది, హెచ్-1బీ మీదున్నవాడు స్టాంపింగ్ ఏమవుతుందోనని టికెట్ కొనడానికే జంకుతాడు. ఊరి మీద మమకారం ముగ్గురికీ ఒకటే, చేతిలో కాగితమే వేరు.

రెండో అభ్యంతరం ఇంకాస్త బరువైనది. ఇలా వచ్చిపోయేవాళ్ల కోసం ఊరి సంస్కృతి వేషం మార్చుకుందనీ, వాళ్లు చూసేది అసలు మెక్సికో కాదనీ కొందరి బాధ. మార్పు వచ్చిందన్నది కాదనలేం. హలిస్కో ఎత్తుప్రాంతపు పట్నాల్లో, సకతేకాస్, మిచోకాన్ ఊళ్లలో, గ్రామదేవుడైన సెయింటు ఉత్సవాల్లో ఒక రోజును ‘ఊరొదిలిన బిడ్డల రోజు’ అని ప్రత్యేకంగా కేటాయిస్తారు. ఆ రోజు ఊరేగింపులో లాస్ ఏంజెలెస్ వాళ్లు, షికాగో వాళ్లు తమ తమ బ్యానర్ల వెనక నడుస్తారు. బ్యాండు ఖర్చు, బాణసంచా ఖర్చు వాళ్లదే. పూజారి వాళ్లకు వేరుగా దీవెన ఇస్తాడు. పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, పదిహేనేళ్లు నిండిన ఆడపిల్లల వేడుకలు కూడా వాళ్లొచ్చే రోజులకే ముహూర్తాలు కుదుర్చుకుంటాయి. ఇది కల్తీ అనేవాళ్లు, కల్తీ కానిదెప్పుడుందో చూపించాలి. డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రాత్రులు ఇంటింటికీ తిరిగి, మరియమ్మ, యోసేపుల పేరున బస అడుగుతూ పాడే పోసాదల మూలం అకోల్మాన్ మఠంలో ఉంది. 1587లో దియేగో దె సొరియా అనే అగస్టీనియన్ సన్యాసి పోపు అనుమతి తెచ్చుకుని క్రిస్మస్ ముందు రోజుల ప్రార్థనలు ఆరుబయట మొదలుపెట్టాడు. అజ్తెక్‌లు తమ దేవుడు విత్సిలోపోచ్‌త్లీ పండగ చేసుకునే కాలం కూడా అదే. చెరకు, జామ, తెహోకోతె పండ్లు వేసి మరిగించే వేడి పోంచె పానీయంలోనే మెక్సికో కాయా, సముద్రం దాటొచ్చిన చెరకూ కలిసి ఉడుకుతాయి. పరాయి చెయ్యి పడకుండా పుట్టిన పండగ అక్కడ ఒక్కటీ లేదు. అలాంటప్పుడు పరాయివాడు కూడా కాని, ఊరి బిడ్డే వేసిన చెయ్యిని తప్పుపట్టడం న్యాయం కాదు.

పైగా వలస ఆ విశ్వాసంలోకి ఎంత లోతుగా దిగిందో చెప్పడానికి సాన్ హ్వాన్ దె లోస్ లాగోస్ గుడి చాలు. అక్కడి కన్యమాతకు భక్తులు మొక్కు చెల్లించేది చిన్న రేకు బొమ్మలతో. అరచేతికి కాస్త పెద్దదైన రేకు ముక్క మీద పైన మాత, మధ్యలో గండం, కింద రెండు మూడు వరసల్లో కృతజ్ఞత రాయిస్తారు. పాత బొమ్మల్లో జ్వరాలు, ఎద్దు కుమ్మడాలు ఎక్కువ. రానురాను నదిలో మునగబోయిన మనిషి, ఎడారిలో దారితప్పిన అన్నదమ్ములు, కాగితాలు దొరికిన కొడుకు కనిపిస్తారు. దురాన్, మాసీ ఈ రేకులను సేకరించి 1995లో పుస్తకంగా తెచ్చారు. అక్కడికి దగ్గర్లోని సాంతా అనా పల్లె తొరిబియో రోమో అనే పూజారి జన్మస్థలం. క్రిస్తేరో యుద్ధంలో 1928లో సైనికులు కాల్చిచంపిన ఆయనను 2000లో పోపు సెయింటుగా ప్రకటించారు. ఎడారిలో దారితప్పినవాళ్లకు నీళ్లిచ్చి దారి చూపే సెయింటుగా వలసదారులు ఆయనను కొలుస్తారు. బతికున్న రోజుల్లో ఉత్తరానికి పోవద్దని హెచ్చరిస్తూ నాటకం రాసిన మనిషి ఆయన. డిసెంబరులో వచ్చే కుటుంబాలు తప్పకుండా ఆగే చోట్లలో ఆ పల్లె ఒకటి. వచ్చిపోయేవాళ్ల ఊరి సంఘాలు డబ్బు వేసుకుని బడులు, చర్చి గోపురాలు, నీళ్ల పైపులు కట్టించాయి. 1990ల మొదట్లో సకతేకాస్ రాష్ట్రం వాళ్ల ప్రతి డాలరుకూ ప్రభుత్వ వాటా కలిపే పద్ధతి పెడితే, 2002లో అది దేశమంతటికీ పథకమైంది.

నిజంగా బాధపెట్టే నష్టం వేరేచోట ఉంది. డాలర్లతో కట్టిన రెండంతస్తుల ఇళ్లు ఏడాదిలో పది నెలలు తాళమేసి ఉంటాయి. ఊళ్లో ఉండిపోయిన కుర్రాడికి జనవరిలో వెళ్లిపోయే ట్రక్కుల వెనక తనకూ చోటుంటే బాగుండుననిపిస్తుంది. దారిలో దోపిడీల భయంతో, కెరెతారో కొండల్లోని హల్పాన్‌కు పోయే కుటుంబాలు లరేడోలో ఒకచోట చేరి పెద్ద బండ్ల వరసగా కలిసి బయల్దేరుతున్నాయి. ఇన్ని ఉన్నా పిల్లలను తాతల దగ్గరికి తీసుకుపోవడం ఆగలేదు. అమ్మమ్మ పోయాక మూడో తరం ఎందుకొస్తుందని అడిగేవాళ్లు, 1998లో మెక్సికో ద్వంద్వ జాతీయతను ఒప్పుకున్నాక ఆ పిల్లలకు అక్కడ హక్కున్న మనుషులుగా చోటు దక్కిందని మరిచిపోతారు.

కాగితాల్లేనివాళ్లకు మాత్రం ఆ దారి మూసే ఉంది. అందుకే మిచోకాన్‌లో ‘పాలోమాస్ మెన్సహేరాస్’, సకతేకాస్‌లో ‘కొరసోన్ దె ప్లాతా’ పేర్లతో ఒక తలకిందుల ప్రయాణం మొదలైంది. ఏళ్ల తరబడి బిడ్డల ముఖం చూడని అరవై దాటిన తల్లిదండ్రులను పోగుచేసి, పర్యాటక వీసాలు ఇప్పించి, గుంపుగా విమానమెక్కించి అమెరికాకు పంపుతున్నారు. కొడుకు రాలేడు కాబట్టి తల్లే వెళ్తోంది. 2012లో వచ్చిన డాకా అనే వెసులుబాటు కింద చిన్నప్పుడే తీసుకొచ్చిన పిల్లల్లో కొందరికి ముందస్తు అనుమతితో ఒకసారి పోయి రావడం సాధ్యపడింది, ఆ అనుమతిని 2017లో ఆపి, తర్వాత కోర్టు తీర్పుతో మళ్లీ తెరిచారు. వాళ్ల అమ్మానాన్నలకు అదీ లేదు. వాళ్లు అమెరికా దాటి వెళ్లొచ్చే వీలు కల్పించాల్సింది అక్కడి కాంగ్రెస్, 1986 తర్వాత అంత పెద్ద చట్టం అది మళ్లీ చెయ్యలేదు.