అడవి కోసం వేసిన లేజర్‌లో దొరికిన నగరాలు

2024 అక్టోబరులో మెక్సికోలో మాయా నాగరికతకు చెందిన ఒక ప్రాచీన నగరం వార్తల్లోకెక్కింది. పేరు వలేరియానా. గుడి పిరమిడ్లు, బంతాట మైదానం, వాగుకు అడ్డుకట్ట వేసి నింపుకున్న చెరువు అన్నీ ఉన్నాయక్కడ. దాన్ని వెలుగులోకి తెచ్చిన ల్యూక్ ఆల్డ్-థామస్ మాత్రం అప్పటికి ఆ నేల మీద అడుగు పెట్టలేదు. అమెరికాలోని తులేన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న రోజుల్లో ఆయన గూగుల్‌లో వెతుక్కుంటూ పదహారో పేజీ దాకా వెళ్లారు. మనలో ఎవరైనా రెండో పేజీ దాటి వెళ్తామా? అక్కడ ఆయనకు దొరికింది మాయా నాగరికతకు ఏ సంబంధమూ లేని ఒక సర్వే. కంపెచే రాష్ట్రంలోని అడవుల్లో ఎంత కార్బన్ నిల్వ ఉందో లెక్కగట్టడానికి 2013లో ఒక పర్యావరణ ప్రాజెక్టువారు విమానంలోంచి చేయించిన లేజర్ కొలతలవి. వాళ్లకు కావలసింది చెట్లు. ఆల్డ్-థామస్ ఆ కొలతల్లోంచి చెట్లను తీసేసి కింది నేలను చూశారు. సుమారు 120 చదరపు కిలోమీటర్లలో 6,764 కట్టడాలు తేలాయి.

ఈ లేజర్ పద్ధతిని లైడార్ అంటారు. విమానానికి అమర్చిన పరికరం సెకనుకు వేలల్లో, లక్షల్లో లేజర్ కిరణాలను కిందికి వదులుతుంది. ప్రతి కిరణమూ దేన్నో తాకి వెనక్కి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. చాలా కిరణాలు ఆకులకే తగిలి తిరిగొస్తాయి. మిట్టమధ్యాహ్నం మామిడితోపులో నేల మీద ఎండచుక్కలు పడతాయే, అలా కొన్ని మాత్రం సందులు చూసుకుని నేలను చేరతాయి. కంప్యూటర్‌లో ఆకుల కొలతలను పక్కకు నెట్టి ఈ కొన్నింటినే కలిపితే అడవి కింద దాగిన నేల రూపం కనబడుతుంది. ఒక్క చెట్టూ నరకక్కర్లేదు.

1960లలో పుట్టిన ఈ పద్ధతి పురావస్తు శాస్త్రజ్ఞుల చేతికి రావడానికి చాలాకాలం పట్టింది. 1971లో అపోలో 15 చంద్రుడి మీద ఎత్తుపల్లాలను లేజర్‌తోనే కొలిచింది. భూమ్మీద విమానం నుంచి కొలవాలంటే ఆ విమానం ఏ క్షణంలో సరిగ్గా ఎక్కడుందో తెలియాలి. జీపీఎస్ వచ్చాకే అది కుదిరింది. ఆ తర్వాత కూడా దీన్ని ఎక్కువగా వాడుకున్నది భూపటాలు గీసేవాళ్లు, అడవుల శాస్త్రజ్ఞులే.

బెలీజ్ అడవుల్లోని కారకోల్ దగ్గర ఈ కథ మలుపు తిరిగింది. 1937లో మహాగని చెట్ల కోసం వెతుకుతున్న ఒక కలప కార్మికుడి కంటబడిన మాయా శిథిలాలవి. (అక్కడా వెతికింది చెట్లనే!) ఆర్లెన్ చేజ్, డయాన్ చేజ్ దంపతులు 1985 నుంచి ఏటా అక్కడ తవ్వకాలు జరిపేవారు. కొలత అంటే ముందు కత్తితో పొదలు నరికి దారి చెయ్యాలి, ఆ దారి వెంట కొలుచుకుంటూ పోవాలి, మరుసటేడు వచ్చేసరికి ఆ దారి మళ్లీ మూసుకుపోయి ఉంటుంది. ఇలా పాతికేళ్లు చెమటోడిస్తే పటానికెక్కింది 23 చదరపు కిలోమీటర్లు.

వాళ్లకు దీనికంటే పెద్ద బాధ ఒకటుండేది. కారకోల్ లక్ష మందికి పైగా జనం బతికిన మహానగరమని, కొండ వాలులన్నీ మెట్లుమెట్లుగా చెక్కి పంటలు పండించారని వాళ్ల నమ్మకం. అడవి నరికి, కాల్చి, రెండు పంటలు తీసి మరో చోటికి పోయే వ్యవసాయం అంతమందికి తిండి పెట్టలేదని అనుమానించేవాళ్లు చాలామంది. మెట్ల పొలాలు మీరు తవ్విన చోటే ఉన్నాయేమో, మిగతా అడవంతా ఖాళీయేమో అంటే ఎదురు చెప్పడానికి పటం లేదు.

వాళ్లు పనిచేసే సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలోనే జాన్ వైషంపెల్ అనే అడవుల శాస్త్రజ్ఞుడు ఉండేవారు. చెట్ల కొమ్మల అమరికను లేజర్‌తో చదవడం ఆయన పని. ఆకుల నుంచి వచ్చిన కొలతలు ఆయనవి, నేల నుంచి వచ్చినవి చేజ్ దంపతులవి అన్నట్టు పొత్తు కుదిరింది. నాసా డబ్బిచ్చింది. 2009 ఏప్రిల్ చివర, ఆకులు పలచబడే ఎండాకాలం చూసుకుని, రెండింజన్ల విమానం నాలుగు రోజులపాటు అడవి మీద అటూ ఇటూ తిరిగింది. 200 చదరపు కిలోమీటర్ల పటం వచ్చింది. మెట్ల పొలాలు దాదాపు అంతటా ఉన్నాయి, వాటి మధ్యగా ఇళ్లూ రహదారులూ సాగాయి. పాతికేళ్ల వాదన ఆ నాలుగు రోజులతో తేలిపోయింది. నా ఉద్దేశంలో ఈ కథలో అసలు ఆవిష్కరణ పరికరం కాదు, ఒకే కొలతల్లో ఇద్దరికీ కావలసినవి ఉన్నాయని గుర్తించడం.

ఇక దారి తెరుచుకుంది. 2012లో కంబోడియాలో అంకోర్ శిథిలాల చుట్టూ ఎగిరారు. 2016లో గ్వాటెమాలా ఉత్తర ప్రాంతంలో రెండు వేల పైచిలుకు చదరపు కిలోమీటర్లు కొలిస్తే 61,480 కట్టడాలు లెక్కకొచ్చాయి. ఆ లెక్కను బట్టి క్రీ.శ. 650-800 మధ్య మాయా మైదానాల్లో 70 లక్షల నుంచి 1 కోటి 10 లక్షల మంది ఉండి ఉంటారని 2018లో ‘సైన్స్’ పత్రికలో అంచనా కట్టారు. వీటన్నిటికంటే నాకు ముచ్చటగొలిపేది గ్వాటెమాలాలోని టికల్ సంగతి. ప్రపంచమంతా వచ్చి చూసే ఆ నగరం నడిబొడ్డుకు కొద్ది దూరంలో ఒక దిబ్బ ఉండేది. దశాబ్దాల తరబడి అందరూ దాన్ని మామూలు కొండ అనుకున్నారు. లైడార్‌లో చూస్తే అది మనుషులు కట్టింది, పైగా వెయ్యి కిలోమీటర్ల అవతలి తెయోతివాకాన్ నగరపు కోటను చిన్న కొలతలో దించినట్టుంది.

కట్టడాలు కంటబడకుండా ఉండటానికి అడవి అడ్డు కూడా అక్కర్లేదని పురావస్తు శాస్త్రజ్ఞుడు తకేషి ఇనొమాతా అనుభవం చెబుతుంది. మెక్సికోలోని తబాస్కో రాష్ట్రంలో ఆయన పరిశోధించిన చోటు పశువులు మేసే బయలు, పక్కనే ఊళ్లు. మెక్సికో ప్రభుత్వం పటాల కోసం చేయించి ఉచితంగా అందుబాటులో పెట్టిన ముతక లైడార్ కొలతల్లో ఆయన ఒక దీర్ఘచతురస్రాన్ని చూశారు. 2017 నుంచి మెరుగైన కొలతలతో, తవ్వకాలతో పరీక్షించారు. పొడవు 1,400 మీటర్లు, వెడల్పు 400, ఎత్తు 10 నుంచి 15 మీటర్లు ఉన్న మట్టి వేదిక అది. క్రీ.పూ. 1000-800 మధ్య కట్టారు. పోసిన మట్టి 32 లక్షల నుంచి 43 లక్షల ఘనపు మీటర్లు, అంటే గీజా పెద్ద పిరమిడ్‌ను మించింది. ఇప్పటిదాకా తెలిసిన మాయా భారీ కట్టడాల్లో ఇంత పాతదీ ఇంత పెద్దదీ లేదు. అగ్వాదా ఫెనీక్స్ అని పేరు పెట్టారు. అక్కడివాళ్లు రోజూ దాని మీదే నడిచేవాళ్లు. మరీ పెద్దది, మరీ చదునైనది కావడంతో అది నేలలాగే కనిపించేది.

గ్వాటెమాలాలోని సెయ్‌బాల్‌లో ఏళ్లతరబడి తవ్విన అనుభవం ఉంది కాబట్టే తొలినాటి చత్వరాల రూపం ఇనొమాతాకు కొట్టినపిండి. అదే పటం ఇంకెవరి ముందు పెట్టినా బహుశా పొలం గట్లని అనుకునేవారు. అగ్వాదా ఫెనీక్స్‌లో రాజుల విగ్రహాలు కనబడలేదు. అంత పని గద్దించి చేయించిన దొర ఉండకపోవచ్చని, చుట్టుపక్కల జనం కలిసి కట్టుకుని ఉండవచ్చని ఆయన భావన. దీని మీద వాదోపవాదాలు ఇంకా నడుస్తున్నాయి.

లేజర్ చెప్పలేనివీ ఉన్నాయి. ఒక దిబ్బను ఎప్పుడు కట్టారో, అన్ని ఇళ్లలోనూ ఒకే కాలంలో జనం ఉన్నారో లేదో దానికి తెలియదు. తేదీ కావాలంటే నేల తవ్వి బొగ్గు ముక్కలో కుండ పెంకులో తీయాల్సిందే. వలేరియానా క్రీ.శ. 750-850 నాటికి 30 వేల నుంచి 50 వేల జనాభాతో ఉచ్చస్థితిలో ఉండేదన్న మాట పొరుగు నగరాలతో పోల్చి వేసిన అంచనాయే. అన్నట్టు, అదేమీ కీకారణ్యంలో లేదు. తారురోడ్డు నుంచి పావుగంట నడక. ఆ శిథిలాల మధ్యే రైతులు ఎన్నాళ్లుగానో సాగు చేసుకుంటున్నారు. ఆ దిబ్బల సంగతి వాళ్లకు ముందే తెలుసు, అడిగినవాళ్లే లేరు.