శిలలు చెప్పు లెక్క, చెప్పని లెక్క

పలనాటి కారెంపూడిలో వీరుల గుడి కలదు. అందు వీరులకు గుర్తుగా నిలిపిన శిలలకు ఏటేట కార్తికమాసమున ఆరాధన జరుగుచున్నది. ఆ శిలలను లెక్కించి, పలనాటి యుద్ధమున మడిసినవారు ఇంతమంది అని చెప్పుటకు ఎవరును సాహసింపరు. శిల స్మరణకై నిలిచినది, గణనకై కాదు. కాని ఇరువదవ శతాబ్దపు మహాయుద్ధముల విషయమున చరిత్రకారుడు ఒక్కొక్కప్పుడు అట్టి సాహసమే చేయవలసివచ్చుచున్నది. దళముల పత్రములు చెదరిపోయినచోట సమాధుల పట్టికయే అతనికి ఆధారము.

బ్రిటిష్ సామ్రాజ్య సైన్యముల మృతులకు సంబంధించిన పట్టికలను 1917లో స్థాపింపబడిన యుద్ధసమాధుల సంఘము కూర్చినది. పేరు, హోదా, దళము, మరణదినము అందు ఉండును. భారతీయుల విషయమున పెక్కుచోట్ల తండ్రి పేరు, గ్రామము, జిల్లా కూడ కానవచ్చును. మద్రాసు రెజిమెంటులోను, మద్రాసు శాపర్ల దళములలోను పనిచేసి మరణించిన తెలుగువారి జాడ తీయదలచినవారికి ఈ గ్రామనామములే త్రోవ చూపును.

అయితే పట్టికను చదువుటకు ముందు దాని హద్దు తెలియవలెను. రెండవ యుద్ధమునకు సంఘము గ్రహించిన కాలము 1939 సెప్టెంబరు 3 మొదలు 1947 డిసెంబరు 31 వరకు. ఆ కాలమున కొలువులో ఉండి జ్వరముతోనో, ప్రమాదముననో మరణించినవారును ఇందు చేరిరి. కావున ప్రతి సమాధియు రణమరణమునకు సాక్ష్యము కాదు.

ఇక స్థలము సంగతి. చెన్నై నగరపు నందంబాక్కంలోని యుద్ధశ్మశానము 1952లో ఏర్పడినది. దక్షిణ, తూర్పు భారతములందు సంరక్షణ సాగదనుకొన్న పెక్కు శ్మశానములనుండి సమాధులను అచ్చటికి తరలించిరి. పాత శ్మశానపు పట్టికను, క్రొత్తదానిని కలిపి కూడినవాడు ఒక్క మనిషిని రెండుమార్లు చంపినవాడగును.

అంతకంటె పెద్ద చిక్కు మన ఆచారమునుండియే పుట్టినది. 1944లో ఘోరయుద్ధము జరిగిన కొహిమాలో 1,420 సమాధులు ఉన్నవి. అచ్చటనే, దహనసంస్కారము పొందిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లతో వేరొక స్మారకము కలదు. రెండును కలిపిన 2,337. సమాధులను మాత్రమే లెక్కించినచో నూటికి ముప్పదితొమ్మిది మంది లెక్కకు రారు. రంగూను సమీపమున టౌక్యన్‌లో 6,374 సమాధులుండగా, సమాధి తెలియనివారి పేర్లు చెక్కిన స్తంభములమీద దాదాపు 27,000 పేర్లు ఉన్నవి. చితిలో కాలినవారు, అడవిలోను నదిలోను కలిసినవారు సమాధుల లెక్కకు అందరు.

పేరు చెక్కుటలోను సమానత లేకపోయినది. మొదటి యుద్ధమున మెసొపొటేమియాలో మరణించి సమాధి తెలియనివారికై 1929లో బస్రా స్మారకమును ఆవిష్కరించిరి. దానిపై బ్రిటిష్ సైనికుల పేర్లును, భారతీయ అధికారుల పేర్లును చెక్కిరి. సామాన్య భారతీయ సైనికులను మాత్రము దళమునకు ఇంతమంది అని అంకెలతో సూచించిరి. అంకె మిగిలినది, మనిషి పోయెను. ఈ అన్యాయమును విచారించిన సంఘమువారి నివేదిక 2021లో వెలువడినది. కనీసము 1,16,000 మందికి, బహుశః 3,50,000 మందికి పేరుతో స్మరణ దక్కలేదని, బహుశః ఏ విధముగాను దక్కియుండకపోవచ్చునని అందు ఒప్పుకొనిరి. వారిలో అధికులు తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు దేశీయులు.

కనుక సమాధుల పట్టిక మృతుల సంఖ్యకు అడుగుహద్దును మాత్రమే చూపును. దానికి దహనస్మారకముల పేర్లు చేర్చి, తరలింపులను తీసివేసి, మరణకారణములను విడదీసి, దళపత్రములతో సరిచూచిన పిమ్మటగాని అంచనా అనదగినది లభింపదు. ఈ శ్రమ అంకెల సరదాకొరకు కాదు. కొడుకు ఏ గడ్డపై పడెనో తెలియక కాలము చేసిన తల్లిదండ్రులు మన జిల్లాలలోను ఉండిరి. వారి ఊరి పేరు ఏదో పట్టికలో ఒక పంక్తియై నేటికిని నిలిచియుండవచ్చును. ఆ పంక్తిని వెదకి చదువుట చరిత్రకారుని మొదటి పని. కూడిక ఆ తరువాతిది.