పేర్లు మింగిన పుస్తకమే సాక్ష్యం

ఈసారి మన వైపు ఎవరూ పెద్దగా మాట్లాడని సలినన్ ప్రజల గురించి రాస్తున్నాను. వీళ్లు కాలిఫోర్నియా ఆదివాసులు. శాంటా లూసియా కొండల్లో, సలీనాస్ లోయలో వేల ఏళ్లుగా బతికినవాళ్లు. ఓక్ కాయలు దంచి, నీళ్లతో చేదు పోగొట్టి, ఆ పిండితో అంబలి కాచుకున్నవాళ్లు. 'సలినన్' కూడా వాళ్లు పెట్టుకున్న పేరు కాదు. స్పానిష్ వాళ్లు నదికి పెట్టిన పేరును పరిశోధకులు మనుషులకు అంటించారు.

1771 జూలై 14న హునిపెరో సెర్రా అనే ఫాదరీ ఓక్ చెట్టుకు గంట కట్టి శాన్ ఆంటోనియో మిషన్ మొదలుపెట్టాడు. 1797లో దానికి దక్షిణాన శాన్ మిగెల్ మిషన్ వచ్చింది. జ్ఞానస్నానం తీసుకున్న ప్రతి మనిషికీ రిజిస్టర్లో ఒక నంబరు, ఒక స్పానిష్ పేరు. అసలు పేరూ, పుట్టిన ఊరూ రాస్తే రాశారు, లేకపోతే లేదు. ఆ తర్వాత అనుమతి లేకుండా మిషన్ దాటకూడదు. పారిపోతే సైనికులు పట్టుకొచ్చేవాళ్లు, కొరడా దెబ్బలు పడేవి. పొలం పనీ, నేత పనీ, ఇటుకల పనీ వాళ్లదే. కొత్త జబ్బులొచ్చి పిల్లల్ని ఊడ్చుకుపోయాయి.

మా తాత పేరు చివర 'అయ్య' ఉండేది. ఊరి కాగితాల్లో అది 'డు' అయింది. అందుకే పాత రిజిస్టర్ ఏది కనబడినా, కలం ఎవరి చేతిలో ఉందని ముందు చూస్తాను.

సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాబట్టి ఇంకో మాట. శాన్ ఆంటోనియోలో పనిచేసిన సిట్జార్ అనే ఫాదరీ వాళ్ల భాషలోని మాటల్ని పోగుచేశాడు. ఆ పదకోశం 1861లో న్యూయార్క్‌లో అచ్చయింది. ఆ భాష మాట్లాడేవాళ్లు గత శతాబ్దం నడిమికే వెళ్లిపోయారు. మాటల్ని అణిచిన చోటే మాటల్ని మూటగట్టారు. ఇద్దరు ముగ్గురు మంచి ఫాదరీల కథగా దీన్ని చదవలేను.

1830లలో మిషన్ల ఆస్తులు పంచేశారు. భూమి ఆదివాసులకని చెప్పారు, చేరింది పెద్ద రాంచోల యజమానులకు. 1850లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. పేరులో ఆదివాసుల 'రక్షణ' ఉంది. లోపల, పనిలేకుండా తిరుగుతున్నాడని ఆదివాసిని పట్టుకుని వేలంలో కూలికి అప్పగించే వీలుంది. అంత జరిగినా కొన్ని కుటుంబాలు కొండల అంచునే నిలబడ్డాయి. ఎన్సినాలెస్ వారి ఇల్లు అందులో ఒకటి. స్పానిష్‌లో ఆ మాటకు ఓక్ తోపులని అర్థం. పేరు పరాయిది, చెట్టు మాత్రం సొంతం. 1912లో ఆల్డెన్ మేసన్ సలినన్ల జీవితం మీద పుస్తకం అచ్చువేయగలిగాడంటే, ఇలాంటి ఇళ్ల పెద్దలు చెప్పబట్టే.

1940లో ఆ చుట్టుపక్కల నేలను పత్రికాధిపతి హర్స్ట్ నుంచి అమెరికా సైన్యం కొన్నది. ఇప్పుడు శాన్ ఆంటోనియో మిషన్ చుట్టూ ఉన్నది సైనిక స్థావరం. 1950లో కాలిఫోర్నియా ఆదివాసులకు పోయిన భూములకు పరిహారమంటూ తలా 150 డాలర్లు ఇచ్చారు.

ఇంతకీ అసలు మాట. సలినన్లకు ఈరోజుకీ ఫెడరల్ గుర్తింపు లేదు. గుర్తింపు కావాలంటే పూర్వీకులెవరో కాగితంతో చూపాలి. 1900 నుంచి ఒక సముదాయంగా ఉన్నామనీ రుజువు చేయాలి. చెదరగొట్టినవాళ్లే, ఎందుకు కలిసి లేరని అడుగుతున్నారు! ఇక పూర్వీకుల కాగితం ఎక్కడుంది? ఆ జ్ఞానస్నానాల రిజిస్టర్లలోనే. ఇప్పుడవి కంప్యూటర్‌లోకి ఎక్కాయి. ముత్తవ్వ కోసం వెతికే మనవరాలికి ముందు ఒక నంబరు దొరుకుతుంది, తర్వాత ఒక స్పానిష్ పేరు. ఫాదరీకి ఆ రోజు ఓపిక ఉండి ఉంటే, దాని పక్కన ఒక ఊరి పేరు.

ఆ ఒక్క మాట కోసమే ఆమె పేజీలన్నీ తిరగేస్తుంది.