పడకపుండు – నర్సు – కంప్యూటరు

మంచము పట్టిన రోగికి నడుము క్రింద, తుంటి వద్ద, మడమలపైన పుండ్లు పడుట వైద్యమంత పాత సంగతి. ఎముకకును పరుపునకును నడుమ చిక్కిన మాంసమునకు నెత్తురు అందదు. గంటల తరబడి అట్లే యున్నచో ఆ మాంసము చచ్చును. కారణము ఇంత తేలికయైనను 19వ శతాబ్దమున దీనిని అందరును ఒప్పుకొనలేదు. పారిస్ వైద్యుడు షార్కో నరములు చెడుటయే దీనికి మూలమనియు, అట్టి పుండు మరణసూచకమనియు తలచెను. వైద్యుడే చేతులెత్తివేసినచో నర్సు చేయగలిగినదేమి? అంతకు పూర్వమే, 1859లో, ఫ్లారెన్స్ నైటింగేల్ దీనికి సాధారణముగా వ్యాధి గాక పరిచర్యలోని లోపమే కారణమని వ్రాసియుండెను. ఆ మాట నర్సులపై బాధ్యతను మోపినది గాని, చేతికి సాధనము నీయలేదు.

1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో గుట్‌మన్, వెన్నుపాము దెబ్బతిన్న సైనికులను రాత్రింబవళ్లు రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పించెను. నరములు చెడినను పుండ్లను ఆపవచ్చునని తేలినది. అయితే వార్డు నిండ రోగులున్నప్పుడు ఎవరిని ముందు చూడవలెను?

దీనికి జవాబు చెప్పినది డొరీన్ నార్టన్ అను నర్సు. ఆమె లండన్‌లో వృద్ధరోగులను పరిశీలించి 1962లో తన సహచరులతో కలిసి ఒక కొలత ప్రకటించెను. శరీరస్థితి, మనఃస్థితి, నడక, కదలిక, మలమూత్రములపై అదుపు – ఒక్కొక్కదానికి 1 మొదలు 4 వరకు అంకెలు. మొత్తము 14 గాని అంతకు తక్కువ గాని వచ్చినచో అపాయము గలదు. ఒక కాగితము, ఒక కలము చాలును! చర్మమునకు పూయు నానావిధ లేపనములకన్న రోగిని కదల్చుటయే మేలని కూడ ఆ పరిశీలన చూపెను. 1987లో అమెరికాలో బ్రాడెన్, బెర్గ్‌స్ట్రామ్ అను నర్సులు ఆరు అంశముల కొలత వెలువరించిరి.

ఈ అంకెలే పిమ్మట కంప్యూటరులోనికి ఎక్కినవి. 2008 అక్టోబరు నుండి అమెరికా ప్రభుత్వపు మెడికేర్, ఆసుపత్రిలో పడిన లోతైన పుండ్లకు అదనపు సొమ్ము చెల్లించుట మానినది. లెక్క పక్కాగా ఉంచుట అధికారులకు అవసరమైనది. నర్సుకో? మంచము వద్ద కాగితముపై వ్రాసినదే మరల కంప్యూటరులో వ్రాయవలసివచ్చినచో అది పని పెంచునే గాని తగ్గింపదు. హెచ్చరికలు మాటిమాటికి మ్రోగినచో చెవి వానిని వినుటయే మానును. దీనిని నర్సుల సోమరితనమనుట అన్యాయము. ఒకసారి వ్రాసినదానినుండి తానే మొత్తము కట్టి, ఏ రోగిని ఎప్పుడు త్రిప్పవలెనో తదుపరి షిఫ్టువారికి చూపు సాఫ్ట్‌వేరును ఆదరించుటకు వారికి కారణముండును. త్రిప్పుటకు మాత్రము మనుష్యుల చేతులే కావలెను.

మరియొక చిక్కు గలదు. పుండునకు తొలి గురుతు నొక్కినను పోని ఎఱ్ఱదనము. నల్లని చర్మముపై అది తేలికగా కనబడదు. ఆ చోటు వేడిగానో, చల్లగానో, గట్టిగానో ఉన్నదా యని చేతితో తాకి చూడవలెను. ఎఱ్ఱదనమునకు మాత్రమే గడి యున్న సాఫ్ట్‌వేరును తెలుగునాట నర్సు చేతికిచ్చినచో, ఆమె తాకి తెలిసికొన్నది వ్రాయుటకు అందులో చోటే యుండదు.