అమ్మమ్మ పుట్టిన ఏడు

మీ అమ్మమ్మ ఏ సంవత్సరంలో పుట్టిందని మీ పిల్లలు అడిగితే ఏం చెబుతారు? ఇంగ్లండు పల్లెల్లో దీనికి ఊరి చర్చి పుస్తకం జవాబు చెబుతుంది. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు అందులో రాయాలని ఎనిమిదో హెన్రీ కాలంలో, 1538లోనే, ఉత్తరువు అయింది.

మన నెల్లూరు తీరానికీ చరిత్ర తక్కువేం కాదు. 1626లో ఇంగ్లీషువాళ్లు దుగరాజపట్నంలో వర్తకం పెట్టుకుని, తమకు సాయపడ్డ ఆరుముగ ముదలియారు పేరుమీద ఆ చోటును ఆర్మగాన్ అన్నారు. 1640లో అక్కడినుంచే మద్రాసుకు తరలిపోయారు. ఈ జిల్లా శాసనాలను బట్టర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి గార్లు 1905లో మూడు సంపుటాలుగా అచ్చువేశారు. అన్నీ ఉన్నాయి గానీ, మా అమ్మమ్మ వాటిలో ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

అందుకని ఆవిడనే అడిగాను. "ప్రభవలో అమ్మే, పెద్ద గాలివాన కొట్టిన నెలలో నంట" అంది. ప్రభవ అరవై ఏళ్లకోసారి వస్తుంది కదా! 1867 కావచ్చు, 1927 కావచ్చు, 1987 కావచ్చు. మొదటిది మరీ వెనక, చివరిది మరీ ముందు. పైగా 1927 నవంబరులోనే నెల్లూరును పెద్ద తుఫాను కొట్టింది. ఇంకేం, లెక్క కుదిరింది!

తర్వాత పాత ట్రంకుపెట్టెలో ఒక శిస్తు రసీదు దొరికింది. ఫసలీ 1337. ఫసలీకి 590 కలిపితే మనకు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జూలైతో మొదలవుతుంది. అంటే అదే 1927. రసీదులో అమ్మమ్మ నాన్నగారి పేరు, ఊరి పేరు ఉన్నాయి. మరి ఆ గాలివానలో బిడ్డను కన్న తల్లి పేరో? ఏ కాగితంలోనూ లేదు. పుట్టింటి పేరు పెళ్లితో పోయింది, సొంత పేరు ఎవరూ రాయలేదు.

ఆ పేరు అమ్మమ్మ చెబితేనే రాసుకున్నాను. మరుసటి ఏడే ఆవిడ పోయింది. ఒక్క ఏడు ఆలస్యం చేసివుంటే ఏమయ్యేదో!

కాబట్టి అమ్మలారా, ఇవాళే ఒక నోటుపుస్తకం తీయండి. ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చోండి. తేదీ అడగకండి, ఏ గాలివాన అని అడగండి. ముందుగా వాళ్లమ్మ పేరు, పుట్టింటి పేరు రాయండి. వంట కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు. సెలవు.