పదకొండో నంబరు

కార్తీకమాసం దగ్గరపడేసరికి మన పత్రికల్లో ఇంచుమించు ఏటా ఒక వాక్యం అచ్చవుతూ ఉంటుంది. ‘బంగాళాఖాతంలో వాయుగుండం, మచిలీపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక.’ కోస్తావాళ్ళకిది పంచాంగంలో తిథీ వారంలాగా అలవాటయిపోయింది. మూడంటే కాఫీ తాగుతూ చదువుతారు. ఐదంటే కుప్పల మీద కప్పడానికి పరదాలు వెతుక్కుంటారు. పదంటే దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు. అయితే అసలీ నంబర్లు ఎన్ని, దేనికి అర్థం ఏమిటి అని అడిగారనుకోండి, చాలామంది తల గోక్కుంటారు.

మొత్తం పదకొండు. ఇవి మనకోసం పుట్టినవి కావు, ఓడలకోసం పుట్టినవి. రేవులో ఎత్తయిన స్తంభానికి పగలైతే రకరకాల ఆకారాలు కట్టేవారు, రాత్రయితే ఎర్రవీ తెల్లవీ దీపాలు వేలాడదీసేవారు. ఒకటి, రెండు అంటే గాలివాన ఎక్కడో నడిసముద్రంలో ఉన్నదని. మూడు, నాలుగు అంటే రేవుకే చెడ్డ వాతావరణం రాబోతున్నదని. ఐదు, ఆరు, ఏడు ప్రమాదం. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాదం. ఇందులో ఒక తమాషా ఉంది. ఐదుకన్నా ఆరు పెద్ద గండమని మనం అనుకుంటాం. కాదు. తుపాను రేవును తన ఎడమవైపు వదిలి దాటుతుందంటే ఐదు, కుడివైపు వదిలితే ఆరు, నెత్తిమీదుగానో పక్కగానో పోతుందంటే ఏడు. ఎనిమిది, తొమ్మిది, పదీ కూడా అంతే. తేడా దిక్కులోనే గాని బలంలో కాదు.

మరి పదకొండు? దానిలో గాలీ లేదు, వానా లేదు. ‘హెచ్చరిక కేంద్రంతో మాకు వార్తా సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడి సూచనలు చూస్తే వాతావరణం చెడేట్టుంది’ అని దాని భావం. మామూలు మాటల్లో చెప్పాలంటే ‘మాకేమీ తెలియడం లేదు, మీ జాగ్రత్తలో మీరుండండి’ అన్నమాట! మహా ప్రమాదం తరవాత ఇంకొక నంబరుంచి, దానికి ఈ అర్థం ఇచ్చినవాళ్ళు ఎవరో గాని మంచి అనుభవజ్ఞులు. మన తీరం చరిత్ర చదివితే, పదో నంబరు తుపాన్లు చేసిన నష్టంలో సగం పాపం ఈ పదకొండో నంబరుదేనని తోస్తుంది.

వెనకటి రోజుల్లో తుపాను రావడమూ, తుపాను కబురు రావడమూ ఒక్కటే. గోదావరి పాయ ఒడ్డున కోరంగి మంచి రేవుపట్నంగా ఉండేది. 1789 లో ఒకసారి, 1839 లో మరోసారి సముద్రం దాని మీద పడింది. ముందుగా చెప్పేవాడు లేడు. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన మాత్రం ఓడల కప్తాన్లు రాసుకున్న దినచర్యలన్నీ పోగుచేసి, ఏ రోజున ఏ ఓడకు ఏ దిక్కునుంచి గాలి కొట్టిందో చూసి, బంగాళాఖాతం గాలివానలు సుడి తిరుగుతాయని లెక్కలు కట్టాడు. పాము చుట్టను గుర్తుచేసే గ్రీకు మాట తీసుకుని 1848 లో ‘సైక్లోన్’ అనే పేరు పెట్టింది ఆయనే. పాపం, ఆయన చెప్పగలిగింది జరిగిపోయిన తుపాను సంగతే. కాగితాలు ఆయన చేతికి అందేసరికి నెలలు గడిచేవి. విద్య ఉంది, వేగం లేదు.

వేగం తంతితో వచ్చింది. 1850 ల్లో కలకత్తా, బొంబాయి, మద్రాసు తీగలతో కలిశాయి. అయితే తీగ ఉండటం వేరు, ఆ తీగ మీద ఈ కబురు పంపడం నా పని అనే మనిషి ఉండటం వేరు. ఆ మనిషి లేని కాలంలోనే 1864 వచ్చింది. అక్టోబరు 5 న కలకత్తా మీద పెను తుపాను విరుచుకుపడింది. నెల తిరక్కుండానే నవంబరు 1 రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చింది. ఊళ్ళోనూ చుట్టుపక్కలా కలిపి సుమారు ముప్పై వేల మంది పోయారని అంచనా. అంతటి పట్నం మళ్ళీ మునుపటి దశకు రాలేదు.

ఆ దెబ్బతో దొరలు కదిలారు. 1865 లో కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1875 లో వాతావరణ శాఖ పుట్టింది. 1898 నుంచి దేశంలోని రేవులన్నిటికీ ఒకే రకం సూచికలు వచ్చాయి. బాగానే ఉంది గాని, స్తంభం మీది దీపం ఓడవాడికి కనిపిస్తుంది. రేవుకు ఇరవై మైళ్ళ దూరాన తాటాకు గుడిసెలో పడుకున్నవాడికి కనిపిస్తుందా? వాడికి తెలియాలంటే తంతి జిల్లా కచేరీకి రావాలి, అక్కణ్ణించి తాలూకాకు, తాలూకానుంచి కరణం మునసబులకు పోవాలి, ఊళ్ళో టముకు వెయ్యాలి. ఈ దండలో ఒక్క పువ్వు జారితే చాలు, ఆ ఊరికి పదకొండో నంబరే.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ పేరు చెబితే ఇప్పటికీ పెద్దవాళ్ళ గొంతు తగ్గుతుంది. అప్పటికి మనం తంతి దశలో లేము. విశాఖపట్నంలో తుపానుల్ని కనిపెట్టే రాడారు 1970 లోనే వచ్చింది. ఉపగ్రహాలు ఆకాశంనుంచి బొమ్మలు తీస్తున్నాయి. తుపాను ఉన్నదని శాఖకు తెలుసు, రేడియోలో చెప్పారు కూడా. అయినా సుమారు పదివేల మంది పోయారు. ఎంతోమంది అంతకన్నా ఎక్కువే అంటారు. ఎందుకని?

ఒక కారణం మాటలో ఉంది. తుపాను అంటే మనవాడికి గాలివాన. గాలివాన వాడెన్నిసార్లు చూడలేదు? కప్పు ఎగిరిపోతుంది, చెట్లు కూలతాయి, మర్నాడు మళ్ళీ వాసాలు ఎత్తుకుంటాడు. కాని ఆ సాయంత్రం వచ్చింది ఉప్పెన. ఐదారు మీటర్ల ఎత్తున లేచిన నీళ్ళు పది కిలోమీటర్లకు పైగా లోపలికి నడిచి వచ్చాయి. ఉప్పెన అనే మాట మన భాషలో ఎప్పటినుంచో ఉంది. కాని ఆ మాట ఒక తరానికి కథగా మిగిలిపోతే, మూడో తరానికి దాని కొలత తెలియదు. కబురు చేరడమంటే చెవిన పడటం ఒక్కటే కాదు, ‘నా ఇంటి చూరుదాకా నీళ్ళొస్తాయి’ అని మనసుకెక్కడం.

రెండో కారణం, తుపాను మొట్టమొదట కోసేది మన తీగల్నే. స్తంభాలు పడిపోయాయి, రోడ్లు తెగిపోయాయి, కరెంటు పోయింది. దివిలో ఏం జరిగిందో బయటివాళ్ళకు వెంటనే తెలియలేదు. బయటినుంచి చప్పుడు లేకపోతే ‘ఫరవాలేదు కాబోలు’ అనుకోవడం మనిషి నైజం. అక్కడ మాత్రం నోరెత్తి చెప్పేవాళ్ళు లేక చప్పుడు లేదు.

1983 లో ఇన్సాట్ 1 బి ఉపగ్రహం పైకి వెళ్ళాక దీనికి ఒక ఉపాయం దొరికింది. కోస్తా తీరంలో పోలీసు స్టేషన్లలో, ప్రభుత్వ కార్యాలయాల్లో చిన్న పెట్టెలు పెట్టారు. తుపాను వచ్చే జిల్లాల పెట్టెల్ని మాత్రమే ఏరి మేలుకొలపవచ్చు. ముందు కూత కూస్తుంది, వెంటనే స్థానిక భాషలో హెచ్చరిక వినిపిస్తుంది. మధ్యలో స్తంభాలూ లేవు, తీగలూ లేవు. 1990 మే 9 న కృష్ణా ముఖద్వారం దగ్గర దాదాపు 1977 నాటి అంతటి తుపానే తీరం దాటింది. ముందుగానే లక్షా డెబ్భై వేలకు పైగా జనాన్ని తరలించారు. చనిపోయినవారు వెయ్యికి లోపు. వెయ్యి ప్రాణాలు తక్కువేమీ కాదు, కాని పదివేల పక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది. పెట్టె ఒక్కటే ఈ పని చేసిందనుకుంటే పొరపాటు. పెట్టె కూత విని లేచిన అధికారి, తలుపు తట్టిన మనిషి, ఎక్కించుకున్న లారీ, దిగడానికి తుపాను భవనం, ఇవన్నీ కలిస్తేనే అది హెచ్చరిక అయింది.

ఆ సంగతి 1996 నవంబరు 6 మళ్ళీ చెప్పింది. కోనసీమను కొబ్బరిచెట్టు మిగలకుండా ఊడ్చిన ఆ తుపానుకు వెయ్యిమందికి పైగా బలయ్యారు. వాళ్ళలో వేటకు వెళ్ళిన మత్స్యకారులు ఎంతోమంది. కబురు ఒడ్డుదాకా వచ్చింది. పడవదాకా పోవడానికి దానికి దారి లేదు.

2004 డిసెంబరు 26 నాటి సునామీ ఇంకో పాఠం. సుమత్రా దగ్గర భూమి కంపించాక అల మన తీరానికి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అప్పటికి టెలిఫోన్లున్నాయి, టీవీలున్నాయి, ఇంటర్నెట్టూ ఉంది. చెప్పవలసినవాడు ఎవడో నిర్ణయం కాలేదు. హిందూ మహాసముద్రానికి సునామీ హెచ్చరిక ఏర్పాటే లేదు. మన రాష్ట్రంలో నూరుమందికి పైగా పోయారు. అదే రోజున పుదుచ్చేరి దగ్గర నల్లవాడు అనే జాలరి పల్లెలో మాత్రం ఊరు ఊరంతా బతికింది. ఆ ఊరి కుర్రాడు ఒకడు సింగపూరులో పని చేస్తూ, టీవీలో వార్త చూసి ఇంటికి ఫోను చేశాడు. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు ఊళ్ళో పెట్టిన సమాచార కేంద్రంలో మైకు ఉంది. మైకులో చెప్పారు, జనం పరుగెత్తారు. ఒక ఫోను, ఒక మైకు, మధ్యలో ఊరి మీద మమకారం!

అండమానుల కథ మరీ విచిత్రం. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారు బృందంతో ఆ నెలలో పోర్ట్ బ్లెయిర్ వెళ్ళారు. హామ్ రేడియో అంటే సొంత సరదాతో ప్రపంచంలోని తోటి రేడియోవాళ్ళతో మాట్లాడుకునే విద్య. అండమానులనుంచి పలకడం ఆ లోకంలో గొప్ప విశేషం. ఆ సరదాలో ఉండగానే సునామీ వచ్చింది, ద్వీపాల ఫోన్లు మూగబోయాయి. సరదా పెట్టె ఆ క్షణంనుంచి ప్రాణాల పెట్టె అయింది. ఎవరు క్షేమం, ఎక్కడ ఏం కావాలి అన్న కబుర్లు దాని మీద నడిచాయి. 2007 లో హైదరాబాదులోనే సునామీ హెచ్చరిక కేంద్రం వెలిసింది. సముద్రం కంటికి కనిపించని ఊళ్ళో సముద్రానికి కాపలా!

ఇక హుద్‌హుద్. 2014 అక్టోబరు 12, ఆదివారం. హెచ్చరిక బాగా అందింది, జనాన్ని తరలించారు, రాష్ట్రంలో మరణాలు వందకు లోపే. కాని గాలి పోయాక విశాఖపట్నం చూడండి. చేతిలో సెల్‌ఫోన్ లేనివాడు లేడు, అది పలికినవాడూ లేడు. టవర్లు ఒరిగాయి, కరెంటు పోయింది, అమెరికాలో కొడుకు అమ్మ గొంతు వినడానికి రోజుల తరబడి అల్లాడాడు. అంత పెద్ద నగరం పదకొండో నంబరులో పడింది. మళ్ళీ ఆ హామ్ రేడియోవాళ్ళే పెట్టెలు పట్టుకుని రావలసి వచ్చింది.

ఈ కథ అంతటిలో ఒక వరస కనిపిస్తుంది. కొత్తది వచ్చినప్పుడల్లా పాతదాన్ని గెంటేస్తాం. టముకు పోయింది. తంతి 2013 జులైతో ముగిసింది. ట్రాన్సిస్టరు అటక ఎక్కింది. ఇంటి టెలిఫోను తీసేశాం. అన్ని కబుర్లూ ఒకే దారాన వేలాడుతున్నాయి. 2023 లో సర్కారు ప్రయోగంగా పంపిన హెచ్చరికకు దేశంలో ఫోన్లు ఒక్కసారిగా కూశాయి గుర్తుందా? మంచి ఏర్పాటే. కాని కూయడానికి టవరు నిలబడాలి, ఫోనులో ప్రాణం ఉండాలి, విన్నవాడు పక్కింటి ఫోను లేని ముసలమ్మకు వెళ్ళి చెప్పాలి.

కాబట్టి ఈసారి పేపర్లో నంబరు చూసినప్పుడు చిన్న పని ఒకటి చెయ్యండి. అటక మీది ట్రాన్సిస్టరు దింపి, అందులో కొత్త బ్యాటరీలు వెయ్యండి. దూరపు బంధువుల ఊరినుంచి కబురు ఆగిపోతే, ఆగిపోయింది గదా అని ఊరుకోకండి. కబురు లేకపోవడం కూడా కబురే. దానికి రేవువాళ్ళు ఎప్పుడో ఒక నంబరు ఇచ్చారు.