కారు

‘కారు’ అనగానే ఇప్పుడు అందరికీ నాలుగు చక్రాల బండే తోస్తుంది. ఆ మాట మూలం గాల్ జాతివాళ్ల భాషలో బండికున్న పేరు. లాటిన్‌లో చేరి, ఫ్రెంచి దాటి, ఇంగ్లీషు మీదుగా మనదాకా వచ్చింది. అంతకు ఎంతో ముందే తెలుగులో కారు ఉంది.

దాని అసలు రంగు నలుపు. కారుచీకటి, కారుమబ్బు అన్నప్పుడు కనిపించేది అదే. ఆ నల్లమబ్బే వాన తెస్తుంది కనుక కారు అంటే వానాకాలం, ఆపైన పంటకాలం కూడా అయిందని నాకు తోస్తుంది. తమిళంలోనూ ‘కార్’ అంటే నలుపు, మబ్బు, వానాకాలం. కన్నడ రైతు తొలివానల్ని ముంగారు అంటాడు. నెల్లూరు వైపు రెండు ప్రధాన పంటల నడుమ వేసే వరి ఎడగారు: ఎడ అంటే నడుమ, గారు మన కారే. గౌరవానికి పేరు చివర పెట్టే ‘గారు’ కాదు. ఇంత చక్కని మాటను వదిలేసి ‘రెండో పంట’ అని రాసుకోవడం నాకు బాధగా ఉంటుంది.

కుండ కారడం వేరే మాట. కళాకారుడిలోనిది సంస్కృతపు ‘కార’, చేసేవాడని అర్థం. ‘వాళ్లు పరాయివాళ్లు కారు’ అన్నప్పటిది ‘అగు’ క్రియకు వ్యతిరేక రూపం. మరి కారుచౌకలో ఉన్నదేమిటి? అక్కడ నలుపూ లేదు, వానా లేదు. మరీ చౌక అని నొక్కిచెప్పడమే దాని పని.